సీసీ అంటే ఏంటని అడిగితే ముందు ఏ సీసీ అని అడగాలి

మీరు అడిగింది ఇది కదా: కొత్తగా ఉద్యోగంలో చేరారు, మేనేజర్ గారు మెయిల్ పంపేటప్పుడు తనని సీసీలో పెట్టమన్నారు, బండి మీద 125 సీసీ అని ఉంది, వీడియో కింద సీసీ అని ఒక బటన్ ఉంది, నెట్‌లో దొరికిన ఒక ఫొటో కింద కూడా సీసీ అనే ఉంది, ఇవన్నీ ఒకటేనా, లేకపోతే అసలు అర్థం ఒకటుండి మిగతావి దాన్నుంచి పుట్టుకొచ్చాయా అని.

కాదండి. ఒకే ఇంటిపేరున్న నలుగురు మనుషుల్లాంటివి ఇవి, చుట్టరికం మాత్రం ఏమీ లేదు. ఇంగ్లిష్‌లో సీ అక్షరంతో మొదలయ్యే మాటలు బోలెడు, వాటిలో ఏ రెండు పక్కపక్కన వచ్చినా ఒక సీసీ తయారవుతుంది, అంతే. అందుకే సీసీ ఒక్కదాన్నే చూసి అర్థం చెప్పడం ఎవరి వల్లా కాదు, దాని పక్కన ఏముందో చూడాలి. పక్కన అంకె ఉంటే ఒక రకం, మనిషి పేరు ఉంటే ఇంకో రకం, వీడియో ఉంటే మరో రకం. నేను టైపు మిషన్ మీద పని నేర్చుకుని, మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక కూడా అదే కుర్చీలో కూర్చుని ఉత్తరాల బదులు మెయిళ్ళు పంపినవాణ్ణి కాబట్టి మొదటి సీసీతో నాకు వేళ్ళు నల్లబడేంత పరిచయం ఉంది, మిగతావి పని మీద కొన్ని, ఊరికే కుతూహలం కొద్దీ కొన్ని తెలుసుకున్నాను. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మెయిల్లో సీసీ అంటే కార్బన్ కాపీ. ఇప్పటి పిల్లలు కార్బన్ పేపరే చూసి ఉండరు కాబట్టి అదేంటో ముందు చెప్పాలి. పల్చటి కాగితానికి ఒక పక్క నల్లగానో నీలంగానో పూత ఉంటుంది. తెల్ల కాగితం, దాని కింద కార్బన్, దాని కింద ఇంకో పల్చటి కాగితం, మళ్ళీ కార్బన్, మళ్ళీ కాగితం, ఇలా దొంతి పేర్చి మిషన్లో దూర్చి కొడితే పైన పడ్డ దెబ్బకి కింద అన్నిటి మీదా అక్షరం అచ్చవుతుంది. నాలుగో కాపీకొచ్చేసరికి అక్షరాలు మసకబారిపోతాయి, అందుకే పై అధికారులకి పై కాపీలు, ఫైల్లోకి అట్టడుగు కాపీ. తప్పు పడిందంటే నరకం, పై కాగితం ఒక్కటే కాదు కింద కాపీలన్నీ ఒక్కొక్కటిగా రబ్బరుతో చెరిపి మళ్ళీ కొట్టాలి, మధ్యలో చీటీ ముక్క పెట్టడం మర్చిపోతే రుద్దిన చోట కింద కాపీ మీద నల్లటి మచ్చ.

ఈ కాగితం మిషన్ కంటే పాతది. ఇంగ్లండ్‌లో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ అనే ఆయన 1806లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఇంచుమించు అదే రోజుల్లో ఇటలీలో పెలెగ్రినో తుర్రి అనే ఆయన చూపులేని ఒక దొరసాని సొంతంగా ఉత్తరాలు రాసుకోవడానికి ఒక టైపు యంత్రం తయారుచేసి, దానిలో సిరా కోసం కార్బన్ కాగితమే వాడాడు. అయితే ఆఫీసుల్లో దీనికి అసలు గిరాకీ వచ్చింది మాత్రం 1870ల్లో రెమింగ్టన్ వాళ్ళ టైపు మిషన్లు మార్కెట్లోకి వచ్చాకే, ఎందుకంటే ఈకతో రాస్తే కింద కాపీ పడదు, మిషన్ సుత్తి దెబ్బకైతే పడుతుంది.

ఉత్తరం చివర సంతకం కింద ఎడమ పక్కన సీసీ అని కొట్టి, ఎవరెవరికి కాపీలు వెళ్తున్నాయో పేర్లు వరసగా రాసేవాళ్ళం. ఏ కాపీ ఎవరిదో ఆ కాపీ మీద వాళ్ళ పేరు పక్కన పెన్నుతో చిన్న టిక్కు పెట్టేవాళ్ళం, లేకపోతే కవర్లలో పెట్టేటప్పుడు తారుమారు అవుతాయి. ఇక్కడ ఒక చిన్న పేచీ ఉంది, కొందరు సీసీలో రెండో సీ కాపీ అనే మాటే కాదంటారు, పేజీలు అనడానికి పీ అక్షరం రెండుసార్లు రాసినట్టు కాపీలు అనడానికి సీ రెండుసార్లు రాశారని వాదిస్తారు. ఇప్పుడు కార్బన్ లేదు కాబట్టి కర్టసీ కాపీ అనాలని ఇంకొందరు అంటారు. ఏమైనా అనుకోండి, చేసే పని అదే.

బీసీసీ కూడా అక్కడి నుంచి వచ్చిందే, బ్లైండ్ కార్బన్ కాపీ. అసలు ఉత్తరం ఎవరికి వెళ్తుందో వాళ్ళకి తెలియకుండా ఇంకొకరికి కాపీ పంపాలంటే, ఉత్తరం మొత్తం కొట్టాక పై కాగితం బయటికి లాగేసి, కింద కాపీల మీద మాత్రమే బీసీసీ ఫలానావారికి అని కొట్టేవాళ్ళం. లేదంటే పై కాగితం మీద ఆ చోట చిన్న చీటీ అడ్డం పెట్టి కొడితే అక్షరాలు చీటీ మీద పడి కార్బన్ ద్వారా కింద కాపీలోకి దిగిపోతాయి, చీటీ తీసేస్తే పైన ఏమీ ఉండదు. నేను ఈ చీటీ పద్ధతే వాడేవాణ్ణి, కాగితం లాగి మళ్ళీ సర్దితే వరస వంకర పోతుంది.

రే టామ్లిన్‌సన్ 1971లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి మొదటి మెయిల్ పంపారు. ఆ తర్వాత మెయిల్ పైభాగం ఎలా ఉండాలో రూల్స్ రాసుకున్నప్పుడు ఆఫీసు మెమోలనే అచ్చు దించేశారు, 1977 నాటి ఆర్ఎఫ్‌సీ 733 అనే పత్రంలోనే టూ, సీసీ, బీసీసీ మూడూ ఉన్నాయి, 1982లో వచ్చిన 822లోనూ కొనసాగాయి. 2008 నాటి 5322లో అయితే ఇంకో అడుగు ముందుకేసి, సీసీ అంటే టైపు మిషన్ మీద కార్బన్ కాగితంతో తీసే కాపీ అన్న అర్థంలో కార్బన్ కాపీ అని విడమరిచి రాశారు. అంటే కార్బన్ కాగితం ముట్టుకోని తరం వస్తుందని వాళ్ళకి అప్పటికే అర్థమైపోయింది.

ఇప్పుడు చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను. మెయిల్ సర్వర్ దృష్టిలో టూకి సీసీకి ఏ తేడా లేదు. ఉత్తరానికి కవరు ఉన్నట్టే మెయిల్‌కీ లోపల ఒక కవరు ఉంటుంది, మీరు టూ, సీసీ, బీసీసీలో రాసిన అడ్రసులన్నీ ఆ కవరు మీదకి ఒకే వరసలో ఎక్కుతాయి, సర్వర్ ఆ కవరు చూసి అందరికీ ఒకేలా పంచేస్తుంది. టూ, సీసీ అన్నవి లోపలి కాగితం మీద కనిపించే పేర్లు మాత్రమే, బీసీసీ పేర్లు కాగితం మీద రాయకుండా కవరు మీదే రాస్తారు కాబట్టి మిగతావాళ్ళకి కనిపించవు. కాబట్టి తేడా అంతా మనుషుల మధ్యే. టూలో ఉన్నవాళ్ళు ఏదైనా చెయ్యాలి, జవాబివ్వాలి. సీసీలో ఉన్నవాళ్ళకి ఊరికే తెలిస్తే చాలు. ఈ ఒక్క ముక్క అందరూ పాటిస్తే ఆఫీసుల్లో సగం గొడవలు ఉండవు, కానీ పాటించరు, ఐదుగురిని టూలో పెడతారు, ఆ పని నాది కాదులే అని ఐదుగురూ ఊరుకుంటారు.

బీసీసీతో రెండు ప్రమాదాలున్నాయి. బీసీసీలో ఉన్న మనిషి చూసుకోకుండా రిప్లై ఆల్ కొట్టాడంటే దొంగచాటుగా వింటున్నవాడు తుమ్మినట్టే, అందరికీ తెలిసిపోతుంది. అందుకే ఎవరికైనా చాటుగా తెలియాలంటే నేను బీసీసీ పెట్టను, ముందు మెయిల్ పంపేసి, సెంట్ ఫోల్డర్లోంచి తీసి విడిగా ఫార్వర్డ్ చేస్తాను, అప్పుడు వాళ్ళు ఏం నొక్కినా జవాబు నాకొక్కడికే వస్తుంది. రెండోది దీనికి తిరగబడ్డ తప్పు, బీసీసీలో పెట్టాల్సినవాళ్ళని టూలోనో సీసీలోనో పెట్టడం. ఒకరికొకరు తెలియని వందమందికి ఒకే సమాచారం పంపాలంటే అడ్రసులన్నీ బీసీసీలో పెట్టి టూలో మన అడ్రసే పెట్టుకోవాలి. నేను ఒకసారి ఉద్యోగానికి అప్లై చేసినవాళ్ళందరికీ ఇంటర్వ్యూ వాయిదా పడిందని మెయిల్ పంపుతూ అందరినీ సీసీలో పెట్టేశాను, ఎవరెవరు ఉద్యోగం మారాలని చూస్తున్నారో అందరికీ తెలిసిపోయింది, వాళ్ళలో ఇద్దరు ఒకే కంపెనీలో పక్కపక్క సీట్లవాళ్ళు కూడాను. ఆ రోజు నేను తిన్న తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి. నాది చిన్న తప్పే, 2015లో లండన్‌లో ఒక క్లినిక్ వాళ్ళు హెచ్ఐవీ సేవలకి సంబంధించిన న్యూస్‌లెటర్ పంపుతూ 781 మంది అడ్రసులని బీసీసీలో కాకుండా టూలో పెట్టేశారు, వాటిలో 730 అడ్రసుల్లో పూర్తి పేర్లున్నాయి, మరుసటి ఏడాది ఆ ఆసుపత్రి ట్రస్టుకి 1,80,000 పౌండ్ల జరిమానా పడింది. పెట్టె ఒకటి మారింది, అంతే తేడా.

సరే, బండి సంగతి. అంకె పక్కన సీసీ ఉందంటే అది క్యూబిక్ సెంటీమీటర్, మన మాటల్లో ఘన సెంటీమీటరు, పొడవు వెడల్పు ఎత్తు ఒక్కో సెంటీమీటరు ఉన్న డబ్బా అనుకోండి. ఒక సీసీ అంటే సరిగ్గా ఒక మిల్లీలీటరు. సరిగ్గా అని ఎందుకన్నానంటే ఒకప్పుడు సరిగ్గా కాదు. 1901లో లీటరుని కొలతల పెద్దలు నీళ్ళ బరువుతో ముడిపెట్టారు, ఒక కిలో నీళ్ళు పట్టే చోటే లీటరు అన్నారు, దాంతో మిల్లీలీటరు సీసీ కంటే లక్షకి ఇంచుమించు మూడు వంతులు పెద్దదై, అంటే 1.000028 సీసీగా తేలింది. ల్యాబుల్లో పనిచేసేవాళ్ళకి ఇది తలనొప్పి, అందుకే పాత గాజు గొట్టాల మీద మిల్లీలీటరు, సీసీ విడివిడిగా చూసుకునేవాళ్ళు. 1964లో ఆ లంకె తెంపేసి లీటరంటే 1000 ఘన సెంటీమీటర్లే అని తేల్చేశారు. ఇంకో మాట, సీసీ అనేది అంతర్జాతీయ కొలతల పద్ధతి ఒప్పుకున్న గుర్తు కాదు, సెంటీమీటరు గుర్తు పక్కన పైన చిన్న 3 వేసి రాయాలని వాళ్ళ రూలు. బండ్ల కంపెనీలూ మెకానిక్కులూ ఆ రూలు పట్టించుకోరు.

ఇంజన్లో సీసీ అంటే, పిస్టన్ కింది నుంచి పైకి వెళ్ళేటప్పుడు సిలిండర్లో ఎంత చోటు తుడుచుకుంటూ వెళ్తుందో అది. లెక్క సులువే, సిలిండర్ లోపలి వెడల్పుని బోర్ అంటారు, పిస్టన్ కదిలే దూరాన్ని స్ట్రోక్ అంటారు. బోర్ 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 49.5 మిల్లీమీటర్లు అనుకోండి, సెంటీమీటర్లలోకి మారిస్తే వ్యాసార్థం 2.5, దాన్ని దాంతోనే గుణిస్తే 6.25, దాన్ని 3.1416తో గుణిస్తే 19.63, దాన్ని 4.95తో గుణిస్తే 97.2 సీసీ. జనం దీన్నే 100 సీసీ బండి అంటారు. సిలిండర్లు నాలుగుంటే నాలుగుతో గుణించాలి. బండి పేరులో ఉన్న అంకెకీ కాగితాల్లో ఉన్న అంకెకీ ఒకటి రెండు తేడా రావడం మామూలే, లైసెన్సుల రూల్సూ రేసుల రూల్సూ సీసీ గీత దగ్గరే మారతాయి కాబట్టి కంపెనీలు ఆ గీత దాటకుండా 124 దగ్గరో 149 దగ్గరో ఆపుతాయి. యూరప్‌లో ఏ1 అనే చిన్న లైసెన్సుకి గీత 125 సీసీ, దానితోపాటు పవర్ 11 కిలోవాట్లు మించకూడదు.

సీసీ ఎక్కువైతే బండి స్పీడు ఎక్కువ అని చాలామంది అనుకుంటారు, అది సగమే నిజం. సీసీ అంటే కుండ సైజు, ఆ కుండలో ఎంత మంట పెడుతున్నారు, నిమిషానికి ఎన్నిసార్లు పెడుతున్నారు అన్నది వేరే లెక్క. ఫార్ములా వన్‌లో 2014లో 2400 సీసీ ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు తీసేసి 1600 సీసీ ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్లు తెచ్చారు, హైబ్రిడ్ మోటార్లతో కలుపుకుంటే పవర్ తగ్గలేదు. బైకుల రేసు మోటో జీపీలో 2002లో 990 సీసీ, 2007లో 800, 2012లో 1000, ఇలా గీత జరుపుతూనే ఉన్నారు, 2027 నుంచి 850 అని నిర్ణయించారు. పాత అమెరికా కార్ల గురించి చదివితే 350 ఇంజన్ అని కనిపిస్తుంది, అది సీసీ అనుకుని చిన్న బండనుకోకండి, అది క్యూబిక్ అంగుళాలు, ఒక్కో ఘనపు అంగుళం 16.387 సీసీ, అంటే ఆ ఇంజన్ 5,700 సీసీ పైమాటే. ఎలక్ట్రిక్ బండికి సిలిండరే లేదు కాబట్టి సీసీ అన్న ప్రశ్నే లేదు, దాన్ని కిలోవాట్లలో అడగాలి, అయినా ఇది ఎన్ని సీసీలతో సమానం అని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు.

ఇదే సీసీ ఆసుపత్రికి వెళ్తే కథ మారుతుంది, ఇది మాత్రం కాస్త జాగ్రత్తగా చదవండి. సిరంజిని 2 సీసీ, 5 సీసీ అనే పిలుస్తారు, దాంతో ఇబ్బంది లేదు. చేత్తో మందు మోతాదు రాసేటప్పుడే ప్రమాదం. ఇంగ్లిష్‌లో గబగబా గీకిన సీసీ చూడటానికి యూ అక్షరంలా ఉంటుంది, యూ అంటే యూనిట్లు. తిరగేసి చూసినా అంతే, యూనిట్ల కోసం రాసిన యూ సీసీలాగా కనిపిస్తుంది. ఇన్సులిన్‌లో యూ 100 రకం ఉంటుంది, దానిలో ఒక సీసీకి 100 యూనిట్లు. నాలుగు యూనిట్లు అని రాసింది నాలుగు సీసీలు అని చదివారంటే 4 ఇవ్వాల్సిన చోట 400 యూనిట్లు ఎక్కుతుంది, మనిషి ప్రాణానికే ముప్పు. అదే యూ అక్షరం అంకె పక్కనే అతుక్కుంటే సున్నాలా కూడా కనిపిస్తుంది, నాలుగు కాస్తా నలభై అయిపోతుంది. అందుకే అమెరికాలో ఆసుపత్రుల ప్రమాణాలు చూసే జాయింట్ కమిషన్ 2004 నాటి వాడకూడని పొట్టి గుర్తుల జాబితాలో యూ పెట్టింది, మందుల భద్రత మీద పనిచేసే ఐఎస్ఎంపీ అనే సంస్థ తన జాబితాలో సీసీని కూడా చేర్చి, మిల్లీలీటరు అని రాయండి అంటోంది. ఇంట్లో ఎవరికైనా ఇన్సులిన్ మోతాదు కాగితం మీద రాసిపెట్టాల్సి వస్తే యూనిట్లు అని పూర్తిగా రాయండి, రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది అంతే.

ఆసుపత్రిలోనే ఇంకో రెండు సీసీలున్నాయి, వినడానికి తమాషాగా ఉంటుంది. కేస్ షీట్ పైన సీసీ అని ఉంటే చీఫ్ కంప్లెయింట్, అంటే రోగి ఏ బాధతో వచ్చాడు అన్నది. కళ్ళ డాక్టరు చీటీలో చూపు కొలత పక్కన సీసీ ఉంటే అది ఇంగ్లిషే కాదు, లాటిన్, కుమ్ కరెక్షియోనే, అంటే అద్దాలు పెట్టుకుని చూసినప్పటి చూపు, అద్దాలు లేకుండా చూస్తే ఎస్‌సీ అని రాస్తారు. ఒకే ఫైల్లో మూడు సీసీలు మూడు అర్థాలతో ఉన్నా డాక్టర్లకి ఇబ్బంది అనిపించదు, ఎందుకంటే ఏది ఏ గడిలో ఉందో వాళ్ళకి అలవాటు.

వీడియో కింద బటన్ క్లోజ్డ్ క్యాప్షన్స్. క్లోజ్డ్ అంటే మూసి ఉన్నవి, కావాలంటే తెరుచుకోవచ్చు, వద్దంటే మూసేయొచ్చు. ఓపెన్ క్యాప్షన్లు అంటే బొమ్మలోనే అచ్చేసినవి, తియ్యడం కుదరదు. అమెరికా పబ్లిక్ టీవీలో 1972లో ఒక వంటల కార్యక్రమానికి మొదట ఓపెన్ క్యాప్షన్లే వేశారు, వినికిడి లేనివాళ్ళు సంతోషించారు గానీ మిగతావాళ్ళకి అక్షరాలు అడ్డం. అప్పుడు ఒక ఉపాయం తీశారు, పాత టీవీ సిగ్నల్‌లో తెర మీద కనిపించని గీతలు కొన్ని ఉంటాయి, వాటిలో 21వ గీతలో అక్షరాల కోడ్ దాచిపెట్టి పంపారు, ఇంట్లో ప్రత్యేకమైన డికోడర్ పెట్టె ఉన్నవాళ్ళకే అక్షరాలు తెరుచుకుంటాయి. 1980 మార్చి 16న ఇది మామూలు ప్రసారాల్లో మొదలైంది. విడిగా పెట్టె కొనాల్సి రావడంతో ఎక్కువమందికి చేరలేదు, చివరికి 1990లో చట్టం చేసి, 1993 జులై నుంచి అక్కడ అమ్మే 13 అంగుళాలు, అంతకంటే పెద్ద టీవీలన్నిటిలో డికోడర్ లోపలే ఉండాలన్నారు.

సబ్‌టైటిల్స్‌కీ దీనికీ తేడా ఉంది, రోజూ ఒకటిగానే వాడేస్తాం గానీ. సబ్‌టైటిల్స్ భాష రానివాళ్ళ కోసం, వాళ్ళకి వినపడుతుంది కాబట్టి మాటలు ఇస్తే చాలు. క్యాప్షన్లు వినపడనివాళ్ళ కోసం, తలుపు కొట్టిన చప్పుడు, వెనక నుంచి ఎవరో పిలవడం, సంగీతం మారడం, ఇవి కూడా రాయాలి. యూట్యూబ్‌లో 2009 నుంచి మిషనే విని రాసే క్యాప్షన్లు వచ్చాయి, అవి పని నడిపిస్తాయి గానీ మనుషుల పేర్లు వచ్చినప్పుడు వాటి తిప్పలు చూడాలి. సీసీ కెమెరాలో సీసీ మాత్రం దీని తోబుట్టువు కాదు, అది క్లోజ్డ్ సర్క్యూట్, అంటే బొమ్మ అందరికీ ప్రసారం అవకుండా కొద్దిమంది చూసే తెరలకే వెళ్ళే ఏర్పాటు.

ఫొటో కింద ఉన్నది క్రియేటివ్ కామన్స్. ఇది 2001లో లారెన్స్ లెస్సిగ్ అనే లా ప్రొఫెసర్, ఇంకొంతమంది కలిసి పెట్టిన సంస్థ, మొదటి లైసెన్సులు 2002 డిసెంబర్లో వచ్చాయి. ఎవరైనా ఫొటో తీసినా పాట పాడినా ఏమీ రాయకపోయినా కాపీరైట్ దానంతటదే ఉంటుంది, మీరు వాడాలంటే అడగాలి. అడగక్కర్లేదు, ఈ షరతులు పాటిస్తే వాడుకోండి అని ముందే చెప్పేసేదే ఈ లైసెన్స్. అందరూ చేసే పొరపాటు ఏంటంటే సీసీ అని కనిపించగానే ఫ్రీ అనుకోవడం. సీసీ అని మాత్రమే ఉంటే ఇంకా ఏమీ తెలియనట్టే, దాని తోక చూడాలి. బీవై అని ఉంటే తీసినవాళ్ళ పేరు చెప్పాలి. ఎస్ఏ అంటే మీరు దాన్ని మార్చి కొత్తది చేస్తే దాన్ని కూడా అదే షరతుతో ఇవ్వాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ అంటే మార్చి పంచకూడదు. ఈ నాలుగూ కలిసి ఆరు లైసెన్సులయ్యాయి, ఆరిటిలోనూ బీవై ఉంటుంది, అంటే పేరు చెప్పడం ఎప్పుడూ తప్పదు. పేరు కూడా అక్కర్లేదు అనుకునేవాళ్ళ కోసం 2009లో సీసీ జీరో అని విడిగా ఇంకోటి పెట్టారు. వికీపీడియా 2009లో ఈ లైసెన్సులకి మారింది, 2023 నుంచి బీవై ఎస్ఏ 4.0 వాడుతోంది, అందుకే వికీపీడియాలోంచి పేరాలు ఎత్తి పెట్టుకునేవాళ్ళు ఎక్కడిదో చెప్పకపోతే ఫ్రీయే కదా అన్న వాదన చెల్లదు. మీరు ఆ ఫొటో వాడాలనుకుంటే దాని పేరు, తీసినవాళ్ళ పేరు, ఎక్కడ దొరికిందో ఆ లింకు, ఏ లైసెన్సో, ఈ నాలుగూ కింద రాయండి. యూట్యూబ్‌లో వెతికేటప్పుడు ఫిల్టర్లు తెరిస్తే ఈ తికమక కళ్ళకి కడుతుంది, సబ్‌టైటిల్స్ పక్కన సీసీ అని ఒకటి, దాని దగ్గర్లోనే క్రియేటివ్ కామన్స్ అని ఇంకోటి ఉంటాయి, మొదటిది నొక్కి వాడుకోదగ్గ వీడియోలు దొరికాయని సంబరపడినవాళ్ళని చూశాను.

మిగతావి టకటకా చెప్పేస్తాను. ప్రోగ్రామర్లకి సీసీ అంటే సీ కంపైలర్, అంటే సీ భాషలో రాసిన ప్రోగ్రామ్‌ని మిషన్‌కి అర్థమయ్యేలా మార్చేది, యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో సీసీ అనేది టైప్ చేసే కమాండ్, 1987లో వచ్చిన జీసీసీకి మొదటి పేరు గ్నూ సీ కంపైలర్, తర్వాత వేరే భాషలు కూడా చేరడంతో రెండు సీలకీ అర్థం మార్చి కంపైలర్ కలెక్షన్ అన్నారు, అక్షరాలు అలాగే ఉంచి అర్థం మార్చడం ఎంత తేలికో చూడండి. వెబ్‌సైటు చివర డాట్ సీసీ ఉంటే అది కోకోస్ దీవులది, హిందూ మహాసముద్రంలో ఆస్ట్రేలియా పాలనలో ఉన్న చిన్న దీవులు, కానీ ఆ పేరుతో సైట్లు పెట్టేవాళ్ళలో ఎక్కువమంది ఆ దీవుల మొహం చూసినవాళ్ళు కాదు, కాబట్టి తెలియని లింకు వస్తే చూసి నొక్కండి. అడోబ్ సాఫ్ట్‌వేర్ల పేరు చివర ఒకప్పుడు కనిపించింది క్రియేటివ్ క్లౌడ్, పాట రికార్డింగ్ చేసేవాళ్ళ నోట్లో సీసీ అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే మిడి భాషలో కంట్రోల్ చేంజ్, సీసీ 7 అంటే వాల్యూమ్, సీసీ 64 అంటే స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్, విలువ 0 నుంచి 127 దాకా వెళ్తుంది, పెడల్‌కి అయితే 64, ఆపైన ఉంటే నొక్కినట్టు లెక్క. ఆన్‌లైన్ గేముల్లో అవతలివాణ్ణి కదలకుండా ఆపే దెబ్బల్ని సీసీ అంటారు, క్రౌడ్ కంట్రోల్. క్లబ్బు పేరు చివర ఉంటే క్రికెట్ క్లబ్, 1787 నాటి ఎంసీసీలో ఉన్నది అదే. పేపర్లో సీసీ రోడ్డు అని చదివితే సిమెంట్ కాంక్రీట్. పాత శిలాఫలకాల మీద కనిపిస్తే అది పొట్టి మాటే కాదు, రోమన్ అంకె, 200. ఆన్‌లైన్లో డబ్బులు కట్టే చోట సీసీ నంబర్ అంటే క్రెడిట్ కార్డు నంబరు, ఎవరైనా మెయిల్లో మీ సీసీ వివరాలు పంపండి అని అడిగితే అది కార్బన్ కాపీ గురించి కాదు, పంపకండి.

ఇక మీ మేనేజర్ గారి విషయం. పని ఎవరు చెయ్యాలో వాళ్ళ పేరు టూలో పెట్టండి, ఆయన పేరు సీసీలో పెట్టండి, మెయిల్ మొదట్లో పలకరింపు టూలో ఉన్నవాళ్ళకే రాయండి. అవతలివాళ్ళ నుంచి జవాబు వచ్చాక మళ్ళీ మీరు రాసేటప్పుడు మామూలు రిప్లై కొడితే ఆయన పేరు రాలిపోతుంది, రిప్లై ఆల్ కొట్టాలి, కొత్తవాళ్ళు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. ఒకవేళ ఎవరైనా పని చెయ్యట్లేదని బెదిరించడానికి మధ్యలో ఆయన్ని సీసీలో చేర్చాలనిపిస్తే, ముందు ఆ మనిషికి ఒక ఫోన్ చెయ్యండి, మొదటి నుంచీ సీసీలో ఉన్న పెద్దాయన వేరు, సగంలో దిగిన పెద్దాయన వేరు, ఆ తేడా అవతలివాళ్ళు ఇట్టే కనిపెడతారు. ఆయన మీ మెయిళ్ళకి జవాబివ్వట్లేదని కంగారు పడకండి. సీసీలో ఉన్నారు కదా, చదివి ఊరుకోవడమే ఆయన పని.